బటన్ లండన్‌ది, మిస్సైల్ అమెరికాది: బ్రిటన్ అణ్వాయుధం ఎంతవరకు సొంతం?

2024 జనవరి 30న బ్రిటన్ నేవీకి చెందిన వాన్‌గార్డ్ అనే అణు జలాంతర్గామి ఫ్లోరిడా తీరానికి అవతల ఒక ట్రైడెంట్ మిస్సైల్‌ని పరీక్షించింది. రక్షణ మంత్రి గ్రాంట్ షాప్స్ కూడా లోపలే ఉన్నాడు. వేల కిలోమీటర్లు వెళ్లాల్సిన మిస్సైల్ కాస్తా నీళ్లలోంచి లేచి, దగ్గర్లోనే మళ్లీ సముద్రంలో పడిపోయింది. అంతకుముందు 2016లో చేసిన పరీక్ష కూడా ఫెయిలే కాబట్టి అక్కడి పత్రికలు ప్రభుత్వాన్ని ఉతికి ఆరేశాయి. ఆ గోలలో పెద్దగా ఎవరూ పట్టించుకోని ప్రశ్న ఇంకోటుంది. బ్రిటన్ తన మిస్సైల్‌ని పరీక్షించుకోవడానికి అంత దూరం, అమెరికా గుమ్మం ముందుకి ఎందుకెళ్లింది?

ఎందుకంటే ఆ మిస్సైళ్లు ఉండేది అక్కడే. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కింగ్స్ బే అనే నేవీ స్థావరం ఉంది. బ్రిటన్ 58 ట్రైడెంట్ మిస్సైళ్ల మీద హక్కు కొనుక్కుంది గానీ, ఇవి మీవి, అవి మావి అని విడివిడిగా పెట్టుకోలేదు. రెండు నేవీలూ ఒకే ఉమ్మడి నిల్వలోంచి తీసుకుంటాయి. బ్రిటిష్ జలాంతర్గామి వెళ్లి మిస్సైళ్లు ఎక్కించుకుంటుంది, సర్వీసింగ్‌కి టైమ్ వచ్చినప్పుడు తిరిగి ఇచ్చేసి వేరేవి తెచ్చుకుంటుంది. పైన కూర్చునే వార్‌హెడ్, అంటే పేలే అణుబాంబు భాగం, మాత్రం బ్రిటన్‌దే. ఆల్డర్‌మాస్టన్, బర్గ్‌ఫీల్డ్ అనే చోట్ల తయారై, స్కాట్లాండ్‌లోని కూల్‌పోర్ట్‌లో మిస్సైల్‌కి బిగుస్తుంది.

దీని మీద ఇంటర్నెట్‌లో రెండు పాటలు వినిపిస్తుంటాయి. మాది పూర్తిగా స్వతంత్రమైన అణుశక్తి అని బ్రిటన్ ప్రభుత్వం పాట. అమెరికా అధ్యక్షుడు తలూపకపోతే లండన్ ఒక్క మిస్సైల్ కూడా వదల్లేదని విమర్శకుల పాట. రెండోది తప్పు, మొదటిది సగమే నిజం. అసలు విషయం బటన్ ఎవరి చేతిలో ఉందన్నది కాదు, ఆ బటన్ ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది. ఈ ముడి ఎలా పడిందో తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం నుంచీ రావాలి.

అణుబాంబు అనగానే అందరికీ అమెరికానే గుర్తొస్తుంది కానీ, అది ఆచరణలో సాధ్యమేనని లెక్కలు కట్టి చూపించింది ముందు బ్రిటన్‌లోనే. 1940లో బర్మింగ్‌హామ్‌లో పనిచేస్తున్న ఒట్టో ఫ్రిష్, రుడాల్ఫ్ పైయెర్ల్స్ అనే ఇద్దరు శరణార్థి శాస్త్రవేత్తలు ఆ లెక్క వేశారు. యుద్ధంలో మునిగి ఉన్న దేశానికి అంత పెద్ద కర్మాగారాలు కట్టే స్తోమత లేదు, అమెరికాకి ఉంది. 1943 ఆగస్టులో క్యూబెక్‌లో చర్చిల్, రూజ్‌వెల్ట్ రహస్యంగా ఒప్పందం చేసుకున్నారు: పని కలిసి చేద్దాం, ఒకరి మీద ఒకరం వాడొద్దు, మూడో దేశం మీద వాడాలంటే ఇద్దరం ఒప్పుకోవాలి. చాడ్విక్, పెన్నీ, ఫ్రిష్, పైయెర్ల్స్ లాంటి శాస్త్రవేత్తలు బ్రిటన్ నుంచి అమెరికా వెళ్లి పనిలో చేరారు. 1944 సెప్టెంబరులో ఇద్దరు నేతలూ అమెరికాలో రూజ్‌వెల్ట్ సొంతూరు హైడ్ పార్క్‌లో మళ్లీ కలిసి, యుద్ధం అయిపోయాక కూడా ఈ సహకారం కొనసాగుతుందని ఇంకో కాగితం రాసుకున్నారు.

ఆ కాగితానికి పట్టిన గతి చూడండి. బాంబు పనికి బ్రిటన్ వాళ్లు పెట్టుకున్న మారుపేరు ట్యూబ్ అల్లాయ్స్. 1945 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ చనిపోయాక అమెరికా దగ్గరున్న ప్రతి ఎంతకీ దొరకలేదు. చివరికి చూస్తే, ట్యూబులు, అల్లాయ్‌లు అని ఉంది కదా, ఏదో నేవీ సామాను సంగతి అనుకుని ఎవరో దాన్ని నేవీ ఫైళ్లలో పెట్టేశారు! రెండు దేశాల అణు భవిష్యత్తు ఒక గుమాస్తా స్థాయి పొరపాటుతో బీరువాలో ఇరుక్కుపోయింది. అది దొరికి ఉంటే కథ మారేదా అంటే నాకు నమ్మకం లేదు. ఇద్దరు నేతల మధ్య మాట వేరు, పార్లమెంటు ఆమోదించిన ఒడంబడిక వేరు.

1946లో అమెరికన్ కాంగ్రెస్ మెక్‌మహాన్ చట్టం తెచ్చింది. అణు సమాచారం ఏ విదేశానికీ ఇవ్వకూడదు, మిత్రదేశమైనా సరే. క్యూబెక్‌లో ఏం రాసుకున్నారో కాంగ్రెస్‌లో చాలామందికి తెలియనే తెలియదు. పనిలో భుజం కలిపిన బ్రిటన్‌కి మూడేళ్లు తిరక్కుండానే తలుపు మూసుకుపోయింది.

అదే ఏడాది అక్టోబరులో లండన్‌లో ప్రధాని అట్లీ ప్రభుత్వ కమిటీ కూర్చుంది. దేశం దివాలా అంచున ఉంది, సొంత బాంబుకి డబ్బెక్కడిది అని ఆర్థిక వ్యవహారాలు చూసే మంత్రులు గునుస్తున్నారు. విదేశాంగ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ ఆలస్యంగా వచ్చి ఒక్క దెబ్బతో చర్చ తిప్పేశాడు. అమెరికా విదేశాంగ మంత్రి నాతో మాట్లాడినట్టు రేపు నా తర్వాత వచ్చేవాడితో ఎవరూ మాట్లాడకూడదు, ఎంత ఖర్చైనా ఆ వస్తువు మనకి కావాల్సిందే, దాని మీద మన జెండా ఉండాల్సిందే అన్నది ఆయన మాటల సారాంశం. గమనించండి, అప్పటికి ఆయన మంట రష్యా మీద కాదు, అమెరికా మీద.

1952 అక్టోబరు 3న ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని మాంటెబెల్లో దీవుల దగ్గర, ప్లిమ్ అనే పాత యుద్ధనౌక అడుగున పెట్టి బ్రిటన్ తన మొదటి బాంబు పేల్చింది. నెల తిరక్కముందే అమెరికా హైడ్రోజన్ బాంబు పేల్చేసింది. పరిగెత్తి పరిగెత్తి స్టేషన్‌కి చేరేసరికి రైలు కదిలిపోయినట్టయింది బ్రిటన్ పని. మధ్యలో ఇంకో తలనొప్పి కూడా వచ్చింది. అమెరికాలో బాంబు తయారైన లాస్ అలమోస్‌లో బ్రిటిష్ బృందంలో పనిచేసిన క్లాస్ ఫుక్స్ సోవియట్ గూఢచారి అని 1950లో బయటపడింది. ఆ తర్వాత కొన్నేళ్లు వాషింగ్టన్‌లో బ్రిటన్ తరఫున మాట్లాడటానికి ఎవరికి నోరొస్తుంది?

తలుపు మళ్లీ తెరిపించింది స్పుత్నిక్. 1957 అక్టోబరు 4న సోవియట్ ఉపగ్రహం నెత్తిమీద తిరగడం మొదలెట్టగానే అమెరికాకి టెన్షన్ పట్టుకుంది, మిత్రుల తెలివితేటలు కూడా కలుపుకోవాలనిపించింది. సరిగ్గా అప్పుడే, ఆ నవంబరు 8న, క్రిస్మస్ దీవి దగ్గర బ్రిటన్ 1.8 మెగాటన్నుల హైడ్రోజన్ బాంబు పేల్చి, మేము చెయ్యి చాచడానికి రాలేదు, మా దగ్గరా సరుకుంది అని చూపించింది. 1958లో కాంగ్రెస్ పాత చట్టాన్ని సవరించింది. అణ్వాయుధాల విషయంలో గణనీయమైన ప్రగతి సాధించిన మిత్రదేశానికి సమాచారం ఇవ్వొచ్చని అందులో ఒక మాట. ఆ కొలతకి సరిపోయింది బ్రిటన్ ఒక్కటే, అసలు ఆ చొక్కా కుట్టించింది వాళ్ల కోసమే. 1958 జూలై 3న పరస్పర రక్షణ ఒప్పందం మీద సంతకాలయ్యాయి.

నన్నడిగితే, యుద్ధానంతర మిత్రదేశాల సైనిక సహకారంలో ఇంత లోతుగా వెళ్లిన కాగితం ఇంకోటి లేదు. నాటోకి పేరు ఎక్కువ, కానీ నాటో ఒప్పందంలో ఐదో అధికరణం చదివితే, సభ్యదేశం మీద దాడి జరిగితే ఒక్కో దేశం తాను అవసరమనుకున్న చర్య తీసుకుంటుంది అని మాత్రమే ఉంటుంది. 1958 ఒప్పందం అలా కాదు, బాంబు లోపలి డిజైన్లు, అణు పదార్థాలు, జలాంతర్గామి రియాక్టర్లు చేతులు మారతాయి. బ్రిటన్ మొదటి అణు జలాంతర్గామి డ్రెడ్‌నాట్‌లో తిరిగిన రియాక్టర్ అమెరికన్‌దే. 1960 నుంచి 1979 దాకా బ్రిటన్ సుమారు 5.4 టన్నుల ప్లుటోనియం ఇచ్చి, బదులుగా 7.5 టన్నుల దాకా శుద్ధిచేసిన యురేనియం, 6.7 కిలోల ట్రిటియం పుచ్చుకుంది. నెవాడా ఎడారిలో 1962 నుంచి 1991 దాకా 24 పరీక్షలు ఇద్దరూ కలిసి చేశారు. ఇదంతా నడిపించింది ప్రధానులు, అధ్యక్షుల ఫొటోలు కాదు, జాయింట్ వర్కింగ్ గ్రూపులనే పేరుతో అటూ ఇటూ తిరిగే శాస్త్రవేత్తలు. పదార్థాల మార్పిడికి సంబంధించిన భాగాన్ని కొన్నేళ్లకోసారి పొడిగిస్తూ వచ్చారు, 2024లో ఆ గడువే తీసేశారు.

బాంబు సంగతి తేలింది. దాన్ని మాస్కో దాకా మోసుకెళ్లేదేది?

మొదట వచ్చింది రెండు తాళాల పద్ధతి. 1959 నుంచి 1963 దాకా ఇంగ్లండ్ తూర్పు ప్రాంతాల్లో 60 అమెరికన్ థార్ మిస్సైళ్లు నిలబెట్టారు. మిస్సైల్ బ్రిటిష్ వైమానిక దళానిది, వార్‌హెడ్ అమెరికాది. ప్రయోగించడానికి బ్రిటిష్ అధికారి తాళం ఒకటి తిప్పాలి, వార్‌హెడ్ ప్రాణం పోసుకోవడానికి అమెరికన్ అధికారి ఇంకోటి తిప్పాలి. ఇది స్వతంత్రం కాదని చెప్పడానికి పండితులక్కర్లేదు.

సొంత మిస్సైల్ బ్లూ స్ట్రీక్‌ని ఖర్చు భరించలేక 1960లో బ్రిటన్ రద్దు చేసుకుంది. బదులుగా విమానం నుంచి వదిలే స్కైబోల్ట్ మిస్సైల్ అమ్ముతామని అమెరికా మాటిచ్చింది, గ్లాస్గో దగ్గర హోలీ లాక్‌లో అమెరికన్ జలాంతర్గాములకి బ్రిటన్ చోటిచ్చింది. స్కైబోల్ట్ పరీక్షలు వరసగా తన్నేశాయి. 1962 చివర్లో అమెరికా రక్షణ మంత్రి మెక్‌నమారా లెక్కలన్నీ చూసి, ఇది దండగ అని పక్కన పెట్టేశాడు. ఆయనకి అది ఒక ఖర్చు పద్దు. బ్రిటన్‌కి మాత్రం అణుశక్తి భవిష్యత్తు అక్కడితో ఆగిపోవడమే, ఎందుకంటే ముందు ముందుకి చేతిలో ఇంకేమీ లేదు.

ఆ డిసెంబరులో బహామాస్‌లోని నసావులో బ్రిటన్ ప్రధాని మాక్‌మిలన్, అమెరికా అధ్యక్షుడు కెనెడీ కలిశారు. స్కైబోల్ట్ కొనసాగించడానికి అయ్యే ఖర్చు చెరిసగం పెట్టుకుందామని కెనెడీ అన్నాడు. పనికిరాదని మీరే చెప్పిన వస్తువుకి నేను డబ్బెందుకు పెట్టాలి అనేది మాక్‌మిలన్ వాదన. ఆయనకి కావలసింది జలాంతర్గామి నుంచి వదిలే పొలారిస్. అమెరికన్ విదేశాంగ శాఖకి ఇది సుతరామూ ఇష్టం లేదు, చిన్న దేశాల చేతుల్లో విడివిడి అణ్వాయుధాలు ప్రమాదమని వాళ్ల అభిప్రాయం. చివరికి కెనెడీ మెత్తబడ్డాడు. మిస్సైళ్లు అమెరికావి, వార్‌హెడ్లు, జలాంతర్గాములు బ్రిటన్‌వి. అవన్నీ నాటోకి అప్పగించాలి, అయితే దేశ అత్యున్నత ప్రయోజనాలకే ముప్పొచ్చిందని బ్రిటన్ అనుకున్నప్పుడు సొంతంగా వాడుకోవచ్చు. ఆ చివరి షరతు మీదే బ్రిటన్ స్వతంత్ర అణుశక్తి ఇప్పటికీ నిలబడి ఉంది. కొసమెరుపు ఏంటంటే, ఆ సమావేశం ముగిసిన మర్నాడే స్కైబోల్ట్ పరీక్ష సక్సెస్ అయింది!

1963 ఏప్రిల్‌లో కుదిరిన పొలారిస్ అమ్మకం ఒప్పందంలో ధర మీద అదనంగా 5 శాతం పరిశోధన వాటా కట్టాలని ఉంది. చూడటానికి చిన్న పద్దు. ఇది ఎక్కడ తేలిందో తెలుసా? మన హిందూ మహాసముద్రంలో. కన్యాకుమారికి దక్షిణంగా సుమారు 1,800 కిలోమీటర్ల దూరంలో డియెగో గార్సియా అనే దీవి ఉంది. అక్కడ అమెరికాకి సైనిక స్థావరం కావాలి, అదీ జనం లేకుండా. 1965లో బ్రిటన్ ఆ దీవి ఉన్న చాగోస్ దీవుల్ని మారిషస్ నుంచి విడదీసి తన దగ్గరే అట్టిపెట్టుకుంది. 1966లో అమెరికాతో ఒప్పందం చేసుకుంది. ఆ ఒప్పందంలో అద్దె లేదు. కానీ తెరవెనుక, పొలారిస్ మీద కట్టాల్సిన ఆ పరిశోధన వాటాలోంచి 1.4 కోట్ల డాలర్ల దాకా అమెరికా మాఫీ చేసింది. నేరుగా డబ్బిస్తే తమ కాంగ్రెస్‌కి చెప్పాల్సి వస్తుంది, ఇలా అయితే ఎవరికీ చెప్పక్కర్లేదు. 1973 కల్లా అక్కడ తరతరాలుగా ఉంటున్న వెయ్యిన్నర మందికి పైగా చాగోసియన్లని ఖాళీ చేయించి, మారిషస్‌లో, సీషెల్స్‌లో వదిలేశారు. స్కాట్లాండ్ జలాంతర్గామిలోని మిస్సైల్ బిల్లులో ఒక భాగం చెల్లించింది కొబ్బరి తోటల్లో పనిచేసుకునే ఆ మనుషులు, వాళ్లని అడిగిన వాళ్లు లేరు. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ విభజన చట్టబద్ధం కాదని అభిప్రాయం చెప్పింది. 2025 మేలో బ్రిటన్ ఆ దీవుల్ని మారిషస్‌కి అప్పగించే ఒప్పందం మీద సంతకం పెట్టింది. డియెగో గార్సియాని మాత్రం 99 ఏళ్ల లీజుకి తన దగ్గరే ఉంచుకునే షరతుతో.

నసావు చూసి ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ వేరే పాఠం నేర్చుకున్నాడు. ఫ్రాన్స్‌కి కూడా పొలారిస్ ఇస్తామంటే వద్దన్నాడు. 1963 జనవరి 14న విలేఖరుల సమావేశం పెట్టి, అదే ఊపులో యూరోపియన్ ఉమ్మడి మార్కెట్‌లో బ్రిటన్ చేరికకి కూడా అడ్డు చెప్పాడు. 1966లో నాటో ఉమ్మడి కమాండ్ నుంచి ఫ్రాన్స్‌ని బయటికి లాగేశాడు, నాటో ప్రధాన కార్యాలయం పారిస్ వదిలి బ్రసెల్స్ పోవాల్సి వచ్చింది. 2009లో ఫ్రాన్స్ తిరిగి కమాండ్‌లో చేరింది కానీ అణు ప్రణాళికా బృందంలో ఇప్పటికీ కూర్చోదు. ఫ్రాన్స్ మిస్సైల్, వార్‌హెడ్, జలాంతర్గామి అన్నీ సొంతవే. అలాగని మొదట్నుంచీ ఎవరి సాయమూ తీసుకోలేదని కాదు. వాళ్ల అణు బాంబర్లకి గాల్లో ఇంధనం నింపడానికి 12 బోయింగ్ ట్యాంకర్లు కొన్నది అమెరికా దగ్గరే. నిక్సన్ కాలం నుంచి ఫ్రెంచి శాస్త్రవేత్తలకి అమెరికన్లు రహస్యంగా సలహాలు కూడా ఇచ్చారు.

బ్రిటన్ ఒకసారి ఒంటరిగా నడవబోయి చేతులు కాల్చుకుంది. మాస్కో చుట్టూ ఉన్న మిస్సైల్ రక్షణని తప్పించుకోవడానికి పొలారిస్ ముందు భాగాన్ని తనే మార్చుకుంది, షెవలీన్ అనే రహస్య పథకంతో. 1980 జనవరిలో పార్లమెంటుకి ఆ సంగతి చెప్పేసరికి ఖర్చు 100 కోట్ల పౌండ్లకి చేరింది. ఆ అనుభవం తర్వాత థాచర్ ప్రభుత్వం, అమెరికా దగ్గర ఏది ఉంటే అదే కొందాం, వాళ్లు వాడుతున్నదే వాడదాం అనుకుంది. 1982లో ట్రైడెంట్ డి5 ఎంచుకుంది. పొలారిస్ మిస్సైళ్లకి సర్వీసింగ్ కూల్‌పోర్ట్‌లోనే జరిగేది. ట్రైడెంట్‌కి ఆ వసతి కట్టుకోవడం దండగని కింగ్స్ బేకి అప్పజెప్పారు. డబ్బు ఆదా అయింది, ముడి ఇంకాస్త బిగుసుకుంది.

ఇక బటన్ సంగతి. బ్రిటిష్ ట్రైడెంట్ వదలడానికి అమెరికా కోడ్ ఏదీ అక్కర్లేదు. ప్రధాని ఆదేశం నార్త్‌వుడ్ కమాండ్ కేంద్రం ద్వారా జలాంతర్గామికి వెళ్తుంది, అక్కడ అధికారులు సరిచూసుకుని పని కానిస్తారు. 1969 నుంచి ఎప్పుడూ కనీసం ఒక జలాంతర్గామి సముద్రంలో దాగి ఉంటుంది. కోడ్‌ల విషయంలో బ్రిటన్‌ది మొదట్నుంచీ ఓ వింత ధీమా. 1998 దాకా వాడిన విమాన అణుబాంబుల్ని సిద్ధం చేయడానికి సైకిల్ తాళంచెవి లాంటిది తిప్పితే సరిపోయేదని 2007లో బీబీసీ బయటపెట్టింది. అదీ కాక, ప్రతి కొత్త ప్రధానీ పదవిలోకి రాగానే స్వహస్తాలతో నాలుగు ఉత్తరాలు రాయాలి, నాలుగు జలాంతర్గాములకీ ఒక్కోటి. దేశం తుడిచిపెట్టుకుపోయి, ఆదేశమివ్వడానికి ఎవరూ మిగలకపోతే కెప్టెన్ ఏం చేయాలో అందులో ఉంటుంది. పెట్టెలో పెట్టె, లోపల ఉత్తరం. ప్రధాని మారితే తెరవకుండానే వాటిని నాశనం చేస్తారు. ఈ వ్యవస్థలో వాషింగ్టన్‌కి ఫోన్ చేసే మెట్టు ఎక్కడా లేదు.

మరి అమెరికా అలిగితే? రేపు ఏమీ కాదు. సముద్రంలో ఉన్న మిస్సైళ్లు పనిచేస్తూనే ఉంటాయి. కానీ సర్వీసింగ్ లేదు, విడిభాగాలు లేవు, పరీక్షించడానికి ఫ్లోరిడా రేంజ్ లేదు. 2014లో ట్రైడెంట్ కమిషన్ అనే స్వతంత్ర బృందం ఇదే లెక్క వేసి, అమెరికా సహకారం ఆగిపోతే బ్రిటన్ అణుశక్తి ఆయుష్షు ఏళ్లలో కాదు, నెలల్లో ఉండొచ్చని చెప్పింది. కాల్చొద్దని బ్రిటన్ ప్రధానిని ఏ అమెరికా అధ్యక్షుడూ ఆపలేడు, కానీ ఆ ప్రధాని తర్వాత వచ్చేవాడికి ఆయుధం లేకుండా చేయగలడు. విశాఖ వాళ్లకి ఇలాంటిది కొంత తెలుసు. 1988లో సోవియట్ యూనియన్ నుంచి లీజుకి వచ్చిన అణు జలాంతర్గామి ఐఎన్ఎస్ చక్ర అక్కడే ఉండేది, గడువు తీరగానే 1991లో వెనక్కి వెళ్లిపోయింది. భారత్ ఆ అనుభవాన్ని వాడుకుని అరిహంత్ అనే అణు జలాంతర్గామిని అదే విశాఖలో సొంతంగా కట్టుకుంది, ఆలస్యమైనా సరే. బ్రిటన్ దారి అటు కాదు.

అమెరికాకి ఇందులో ఏం లాభమని అడిగేవాళ్లుంటారు. హోలీ లాక్ స్థావరం 1992 దాకా నడిచింది, డియెగో గార్సియా ఇప్పటికీ నడుస్తోంది. మాస్కో లెక్క వేసుకునేటప్పుడు ఒక్క వాషింగ్టన్ కాదు, లండన్ ఏం చేస్తుందో కూడా ఆలోచించుకోవాలి. రెండో నిర్ణయ కేంద్రం అనే ఈ వాదన ఒకప్పుడు అమెరికన్లకి నచ్చలేదు, 1974లో నాటో ఒట్టావా ప్రకటనలో బ్రిటన్, ఫ్రాన్స్ అణ్వాయుధాలకీ పాత్ర ఉందని ఒప్పుకున్నారు.

2025లో రెండు పరిణామాలు వెంటవెంటనే వచ్చాయి, ఒకదానికొకటి ఎదురు దిక్కులో. జూన్‌లో బ్రిటన్ 12 ఎఫ్-35ఏ విమానాలు కొని నాటో అణు మిషన్‌లో చేరతానంది. అవి మోసేది అమెరికన్ బాంబులు కాబట్టి అమెరికా ఒప్పుకుంటేనే ఎగురుతాయి, అంటే థార్ రోజుల రెండో తాళం మళ్లీ వచ్చినట్టే. జూలైలో నార్త్‌వుడ్‌లో బ్రిటన్ ప్రధాని స్టార్మర్, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ కలిసి, మా అణుశక్తులు వేటికవే స్వతంత్రం, కానీ సమన్వయం చేసుకోగలం అని ప్రకటించారు. ట్రంప్‌ని నమ్ముకోవచ్చా అన్న భయం యూరప్‌లో పెరిగింది కాబట్టి చాలామంది రెండోదాన్నే పెద్ద వార్త చేశారు. నాకైతే అసలు జవాబు ఇంగ్లండ్‌లోని బారో రేవు పట్టణంలో ఉన్న షిప్‌యార్డ్‌లో కనిపిస్తుంది. వాన్‌గార్డ్ తరం స్థానంలో రాబోయే, మళ్లీ ఆ డ్రెడ్‌నాట్ పేరే పెట్టుకున్న నాలుగు కొత్త జలాంతర్గాములు అక్కడే తయారవుతున్నాయి. వాటిలో మిస్సైళ్లు నిలబెట్టే భాగాన్ని అమెరికన్ కొలంబియా తరం జలాంతర్గాములతో ఉమ్మడిగా డిజైన్ చేశారు, గొట్టాలు ట్రైడెంట్ కొలతలకే ఉన్నాయి. ఫ్రెంచి మిస్సైల్ అందులోకి దిగదు.